రద్దయిన కథల పాఠకులు

ఇరవై మూడేళ్ళపాటు పుస్తకం తర్వాత పుస్తకంగా చదువుతూ వచ్చిన కథ అది. ఒక శుక్రవారంనాడు ఆ కథ హక్కుదారులు, ఇవేవీ ఇకపై జరిగినట్టు లెక్కలోకి రావని ప్రకటించారు. 2014 ఏప్రిల్ 25న 'స్టార్ వార్స్' నవలల పాఠకులకు ఎదురైన పరిస్థితి ఇది. కల్పిత కథ జరగడమేమిటి, జరగకపోవడమేమిటి అని నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు. శశిరేఖ వ్యాసభారతంలో లేదని తెలిసినా, 'మాయాబజార్' చూసిన తెలుగువాడెవడూ ఆమె లేదంటే ఒప్పుకోడు. కథలో ఉండటం వేరు, ప్రమాణగ్రంథంలో ఉండటం వేరని మనకు ఏనాటినుంచో తెలుసు. ఆ గీతను ఒక వ్యాపారసంస్థ ఒక్క ప్రకటనతో గీసినప్పుడు పాఠకులు ఏం చేశారు, అందులో ఏది సబబు, ఏది కాదు అన్నది పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ కథతో పరిచయం లేని పాఠకుల కోసం నాలుగు మాటలు. జార్జ్ లూకస్ తీసిన మొదటి 'స్టార్ వార్స్' చిత్రం 1977లో వచ్చింది. దాని కొనసాగింపులు 1980లోనూ 1983లోనూ వచ్చాయి. ల్యూక్ అనే పల్లెటూరి కుర్రవాడు, లేయా అనే రాకుమారి, హాన్ సోలో అనే దొంగరవాణా నావికుడు, అతని నేస్తం చ్యూబాకా అనే రోమశకాయుడు, వీళ్ళందరికీ ఎదురుగా నల్లటి ముసుగులో డార్త్ వేడర్. విజ్ఞానకల్పన అని పేరు పెట్టినా, విఠలాచార్య చిత్రాలు చూసి పెరిగిన మనకు ఇది రాకెట్లున్న జానపదమని తేలిగ్గానే తెలిసిపోతుంది. గురువు ఉన్నాడు, మంత్రశక్తి ఉంది, కత్తి ఉంది, తండ్రి రహస్యం ఉంది.

1983 తర్వాత చిత్రాలు ఆగిపోయాయి. అభిమానుల ఆకలి ఆగలేదు. 1991లో టిమొతీ జాన్ అనే రచయిత 'హెయిర్ టు ది ఎంపైర్' నవల రాశాడు. 1993లోపు మరి రెండు భాగాలు వచ్చాయి. చిత్రాలు ఆగిన చోటునుంచి కథను ముందుకు నడిపిన ఈ మూడు పుస్తకాలతో పెద్ద వెల్లువే మొదలయింది. పదుల కొద్దీ రచయితలు, వందల కొద్దీ నవలలు, బొమ్మల కథలు, కంప్యూటర్ ఆటలు వచ్చాయి. ల్యూక్ మారా జేడ్ అనే ఆమెను పెళ్ళాడాడు, వాళ్ళకు బెన్ అనే కొడుకు పుట్టాడు. హాన్, లేయా దంపతులకు కవలలు, ఆ తర్వాత మరో కొడుకు. ఒక రచయిత రాసినదాన్ని తర్వాతి రచయిత కాదనకూడదన్నది ఇందులోని ఒప్పందం. లూకస్ సంస్థ 2000 నుంచి 'హోలోక్రాన్' అనే పేరుతో ఒక చిట్టా కూడా నడిపింది. లీలండ్ చీ అనే ఉద్యోగి దాని బాధ్యుడు. ఏ పాత్ర ఎక్కడ పుట్టింది, ఏ గ్రహం ఎక్కడుంది అన్న వివరాలతో బాటు, ఏ కథకు ఎంత ప్రామాణికత ఉందో తరగతులు కూడా అందులో ఉండేవి. లూకస్ చిత్రాలది పైతరగతి. నవలలు, బొమ్మల కథలు దానికి దిగువన. అట్టడుగున అసలు చెల్లనివి. లెక్కల మధ్య బతికేవాణ్ణి కాబట్టి ఈ ఏర్పాటు నాకు ముచ్చటగానే ఉంటుంది.

ప్రామాణికమైన ఈ జాబితాకు వాళ్ళు వాడే మాట 'కానన్'. ఏ గ్రంథం బైబిల్లో చేరుతుంది, ఏది చేరదు అన్న క్రైస్తవ పండితుల చర్చలోది ఆ మాట. బైబిలు పరిశోధకుల పద్ధతిని అనుకరిస్తూ 1911లో రోనాల్డ్ నాక్స్ షెర్లాక్ హోమ్స్ కథల మీద ఒక హాస్యవ్యాసం రాశాడు. హోమ్స్ అభిమానులు ఆ వేళాకోళాన్నే వేడుకగా పెంచి పోషించారు. మన విమర్శలో దీనికి దగ్గరి మాటలు రెండున్నాయి: అవాల్మీకం, ప్రక్షిప్తం. వాల్మీకి చెప్పని కథ అవాల్మీకం. మూలంలోకి ఎవరో తర్వాత చొప్పించినది ప్రక్షిప్తం. మొదటిది తప్పు కాదు, రెండోది తప్పు. మన పండితులు ఎంతో జాగ్రత్తగా కాపాడుకొచ్చిన ఈ తేడా ఈ అమెరికా వ్యవహారాన్ని అర్థం చేసుకోవటానికి బాగా అక్కరకొస్తుంది.

2012 అక్టోబరులో డిస్నీ సంస్థ లూకస్ ఫిల్మ్‌ను సుమారు 405 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. కొత్త చిత్రాలు తీయాలి. కానీ 1983 తర్వాతి కథంతా అప్పటికే నవలల్లో నిండిపోయి ఉంది. కోట్లమంది ప్రేక్షకుల్లో ఆ నవలలు చదివినవాళ్ళు కొందరే. వాటికి కట్టుబడి చిత్రం తీస్తే తక్కినవాళ్ళకు అర్థం కాదు. కట్టుబడకపోతే చిట్టా చెడుతుంది. అందుకని 2014లో ఒక నిర్ణయం తీసుకున్నారు: అప్పటికి వచ్చిన ఆరు చిత్రాలు, 'క్లోన్ వార్స్' ధారావాహిక మాత్రమే ప్రామాణికం. పాత నవలలన్నీ ఇకమీదట 'లెజెండ్స్', అంటే పుక్కిటి పురాణాలు. వాటి పునర్ముద్రణలు ఆ పేరుతోనే వస్తాయి.

వాణిజ్యశాస్త్రం చదువుకున్నవాడిగా ఈ నిర్ణయాన్ని నేను తప్పు పట్టలేను. లూకస్ కూడా తన చిత్రాలు తీసేటప్పుడు నవలలకు కట్టుబడి ఉండలేదు. ఆ మాట కూడా ప్రకటనలో చెప్పారు. పాత చిట్టా అంత పవిత్రమైనదేమీ కాదు. మాండలోర్ గ్రహవాసుల గురించి నవలలు ఒకటి చెబితే, 2010లో 'క్లోన్ వార్స్' ధారావాహిక మరొకటి చూపించింది. అతుకుల బొంతను ఏకవస్త్రమని అభిమానులు నమ్మారంటే, అతుకులు కనపడకుండా కుట్టేవాళ్ళుండటమే కారణం.

అయినా బాధ బాధే. దాని స్వరూపం ఏమిటో ఒక పోలికతో చెబుతాను. 1999లో వచ్చిన 'వెక్టర్ ప్రైమ్' నవలలో చ్యూబాకా చనిపోయాడు. అభిమానులు మండిపడ్డారు. 2007లో మరో నవలలో మారా జేడ్ హత్యకు గురయింది. అప్పుడూ అంతే. కానీ ఆ చావులు కథలోనివి. మిగిలిన పాత్రలు వాళ్ళకోసం ఏడ్చాయి, పాఠకుడికి ఆ ఏడుపులో వాటా దొరికింది. 2014లో జరిగింది వేరు. ఏడేళ్ళ క్రితం చనిపోయిన మారా జేడ్ ఇప్పుడు అసలు పుట్టనే లేదు. ఆమెకోసం కథలో ఏడ్చేవాళ్ళు ఎవరూ లేరు. కథలో చావును పాఠకుడు జీర్ణించుకోగలడు. కథే చెల్లదంటే, తన ఏడుపు కూడా చెల్లని నాణెమయిందనుకుంటాడు. అభిమానులు పోగొట్టుకున్నామనుకున్నది పాత్రల్ని మాత్రమే కాదు, తాము వెచ్చించిన ఏళ్ళని.

ఇక్కడే అవాల్మీకానికీ ప్రక్షిప్తానికీ ఉన్న తేడా గుర్తు చేసుకోవాలి. 2014 నిర్ణయం పుస్తకాల తరగతి మార్చింది, పుస్తకంలోని అక్షరం మార్చలేదు. 1991 నవల అంగట్లో అప్పుడూ దొరికింది, ఇప్పుడూ దొరుకుతుంది. కాబట్టి నా దృష్టిలో ఈ కథలోని అసలు అన్యాయం 2014లో జరగలేదు. అంతకు పదిహేడేళ్ళ ముందే మొదలయింది.

1997లో మొదటి చిత్రం ఇరవయ్యో ఏటి సందర్భంగా లూకస్ మూడు చిత్రాలనూ మార్పులతో మళ్ళీ విడుదల చేశాడు. బాగా పేరుమోసిన మార్పు ఒకటుంది. 1977 చిత్రంలో గ్రీడో అనే వేటగాడు హాన్ సోలోను తుపాకీతో నిలేస్తాడు. హాన్ మాటల్లో పెట్టి, బల్ల కిందనుంచి అతన్ని కాల్చేస్తాడు. 1997 ప్రతిలో ముందు గ్రీడో కాలుస్తాడు, గురి తప్పుతుంది, హాన్ ఆత్మరక్షణకోసం కాలుస్తాడు. రెండు క్షణాల మార్పే. కానీ పాత్రౌచిత్యం మీద ఎంత దెబ్బో చూడండి. డబ్బుకోసం, ప్రాణంకోసం ఏమైనా చేసే మనిషి చివర్లో స్నేహితులకోసం వెనక్కి తిరిగి రావటమే హాన్ కథ. మొదట్లోనే అతన్ని సాధువును చేస్తే ఇక వెనక్కి తిరగటానికి దారేముంది? ఆ తర్వాత కూడా మార్పులు ఆగలేదు. 2004 డీవీడీలో, మూడో చిత్రం చివర కనిపించే వేడర్ ఆత్మరూపంలో సెబాస్టియన్ షా అనే వృద్ధనటుణ్ణి తీసేసి, తర్వాతి చిత్రాల్లో యువకుడిగా నటించిన హేడెన్ క్రిస్టెన్సెన్‌ను పెట్టారు. 2011లో, వేడర్ మౌనంగా నిర్ణయం తీసుకునే ఘట్టంలో ఒక అరుపు చేర్చారు. మౌనం చెప్పినదాన్ని అరుపు చెప్పలేదని ఏ నాటకాల మేస్టారయినా చెబుతాడు.

సృష్టికర్తకు దిద్దుకునే హక్కు లేదా అంటే, ఉంది. మన కవులూ మలికూర్పులో పద్యాలు దిద్దుకుంటారు. అయితే తొలికూర్పు గ్రంథాలయంలో ఉంటుంది. లూకస్ వాదన ఏమంటే, కొత్త ప్రతే తన చిత్రం, పాతది సగం పూర్తయిన పని అని. అందువల్ల పాత ప్రతి దాదాపుగా అంగడినుంచే మాయమయింది. 2006లో డీవీడీకి అనుబంధంగా ఒకసారి ఇచ్చారు గానీ, 1993నాటి లేజర్ డిస్కుకోసం చేసిన ప్రతినుంచి తీసిన నాసిరకపు బొమ్మ అది. చిత్రమేమంటే, ఇదే లూకస్ 1988లో అమెరికా కాంగ్రెస్ ముందుకు వెళ్ళి, పాత నలుపు తెలుపు చిత్రాలకు రంగులు పూయడం వంటి మార్పులను ఖండిస్తూ, చలనచిత్రాలు జాతి సంపద గనుక హక్కుదారుల చేతిలో వాటి రూపం చెడకుండా చూడాలని వాదించాడు. ఆ మరుసటి ఏడు అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో తొలివిడతగా చేరిన ఇరవై అయిదు చిత్రాల్లో 'స్టార్ వార్స్' ఒకటి.

ఇక్కడ అభిమానులు చేసిన పని నాకు గౌరవం కలిగిస్తుంది. వాళ్ళు పాత ఫిల్ము రీళ్ళు వెతికి పట్టుకున్నారు, గీతలూ మరకలూ తుడిచారు, ఏళ్ళ తరబడి తీరిక వేళల్లో కూర్చుని 1977 చిత్రాన్ని మళ్ళీ కూర్చుకున్నారు. చట్టం దృష్టిలో దానికి చోటు లేదు. సాహిత్యం దృష్టిలో అది పాఠపరిష్కరణ. 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1977నాటి అసలు ప్రతిని తెర మీద వేశారు. అది వార్త అయిందంటేనే, ఆ ప్రతి ఎంత దుర్లభమయిపోయిందో తెలుస్తుంది.

ఈ పాఠపరిష్కరణ అన్నమాట వాడినప్పుడు మన పత్రిక పాఠకులకు ఒక పేరు గుర్తుకు రావాలి. తంజావూరులో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను పందొమ్మిదో శతాబ్దపు అచ్చుప్రతిలో కత్తిరించి వేశారు. మైసూరు సీమలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ ఆ లోపాన్ని గుర్తించి, తాళపత్ర ప్రతి సంపాదించి, పోల్చి చూసి, 1910లో వావిళ్ళవారిచేత పూర్తి ప్రతిని వేయించింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న రోజుల్లో నిషేధం తొలగి, 1952లో అది మళ్ళీ అచ్చయింది. రాసింది తంజావూరులో, కాపాడింది కన్నడదేశంలో పుట్టిన తెలుగు చదువరి. ముద్దుపళని కావ్యం ఎక్కడ, అంతరిక్ష యుద్ధాలు ఎక్కడ అని కొందరు ముఖం చిట్లించవచ్చు. విలువలో పోలిక పెట్టడం లేదు. చదివినవాడికి తాను చదివిన రూపం మీద ఉండే హక్కు గురించి చెబుతున్నాను.

ఇక హక్కుదారుల లెక్క సంగతి. బ్యాంకులో మొండి బాకీని 'రైట్ ఆఫ్' చేశామంటే జనం మాఫీ చేశామనుకుంటారు. అది నిజం కాదు. ఆస్తి అప్పుల పట్టీలోనుంచి తీసేస్తాం, వసూలు మాత్రం ఆపం. లూకస్ ఫిల్మ్ చేసిందీ అదే. చిట్టాలోనుంచి కొట్టివేసిన నవలల్లోనుంచి వసూళ్ళు నడుస్తూనే ఉన్నాయి. జాన్ నవలల్లోని ప్రతినాయకుడు థ్రాన్‌ను 2016లో 'రెబెల్స్' ధారావాహికలోకి తెచ్చారు. 2017లో జాన్ చేతనే అతని మీద కొత్త నవల రాయించారు. 2023లో 'అసోకా' ధారావాహికలో అతను నటుడి రూపంలో తెరకెక్కాడు. హాన్, లేయాల కొడుకు చెడుదారి పట్టడం పాత నవలల్లో ఉంది. పేరు మార్చుకుని 2015 చిత్రంలోకి వచ్చింది. చనిపోయిన చక్రవర్తి మళ్ళీ లేవడం 1990ల నాటి 'డార్క్ ఎంపైర్' బొమ్మల కథలోది. పాత అభిమానుల్లోనే చాలామంది మొహమాటపడే ఆ కల్పనను 2019 చిత్రంలో మళ్ళీ వాడారు. కొట్టివేసిన పద్దులోనుంచి మంచిదీ చెడ్డదీ రెండూ రాబట్టారన్నమాట. దీన్నిబట్టి ప్రామాణికతకూ గుణానికీ సంబంధం లేదని తేలుతోంది. విమర్శకుడు చూడవలసింది గుణాన్ని.

గుణం విషయానికొస్తే, ఆ వందల పుస్తకాల్లో అధికభాగం మళ్ళీ చదవదగ్గవి కావు. బెంగుళూరు అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల అంగళ్ళలో కొని కొన్ని చదివాను. చాలావాటిలో ప్రమాదం మీద ప్రమాదం తప్ప మనుషులు లేరు. జాన్ మూడు నవలలు వేరు. థ్రాన్ ఒక జాతితో యుద్ధానికి దిగేముందు వాళ్ళ శిల్పాలూ చిత్రాలూ తెప్పించుకుని ఒంటరిగా కూర్చుని చూస్తాడు. ఏ జాతి దేన్ని అందమనుకుంటుందో తెలిస్తే, దేన్ని చూడలేదో తెలుస్తుందని అతని నమ్మకం. కళాభిమానం మనిషిని మంచివాణ్ణి చేస్తుందన్న మన భ్రమను ఆ పాత్ర మెల్లగా చెదరగొడుతుంది. 2014 ప్రకటన ఆ పాత్రనుంచి ఏం తీసుకుపోయింది? ఏమీ లేదు.

అభిమానులు ఈ మార్పును తట్టుకున్న తీరుల్లో మూడు రకాలు నాకు కనిపిస్తున్నాయి. మొదటివాళ్ళు రెండు ధారలనూ విడివిడిగా ఉంచుకున్నారు. పాతది పాతదిగా, కొత్తది కొత్తదిగా. రామాయణం వాల్మీకంలో ఒకలా, రంగనాథ రామాయణంలో ఒకలా, ఆడవాళ్ళ పాటల్లో ఇంకోలా విన్న మనకు ఇది వింత కాదు. రెండోవాళ్ళు పాత ధారను కొనసాగించమని విన్నపాలు పెట్టారు. అదీ న్యాయమైన కోరికే. 2019లో, 1986లో ఆగిపోయిన పాత బొమ్మల కథల పత్రికకు మార్వెల్ సంస్థ ఒకే ఒక్క సంచికను ఆ వరుస సంఖ్యతోనే వేసింది కూడా.

మూడోవాళ్ళ గురించి కటువుగానే చెప్పాలి. 2017లో వచ్చిన 'ది లాస్ట్ జెడై' చిత్రంలో ల్యూక్ పాత్ర తమకు తెలిసిన ల్యూక్ కాదని చాలామంది బాధపడ్డారు. బాధపడవచ్చు, విమర్శించవచ్చు. కానీ కొందరు ఆ కోపాన్ని నటి కెల్లీ మేరీ ట్రాన్ మీద కుమ్మరించారు. ఆమె జాతినీ రూపాన్నీ దూషించారు. 2018లో ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నవన్నీ తుడిచేసుకుని తప్పుకుంది. ఆ ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో ఆ అనుభవం గురించి వ్యాసం రాసింది. కథ రాసినదీ ఆమె కాదు, చిట్టా కొట్టివేసినదీ ఆమె కాదు. పాఠకుడికి తాను చదివిన రూపం మీద హక్కుంది అన్నాను. తర్వాత ఎవరు ఏం రాయాలి, ఎవరు నటించాలి అన్నదాని మీద ఆ హక్కు లేదు. 1977 రీళ్ళు తుడిచినవాళ్ళూ తమను అభిమానులనే అనుకున్నారు, వీళ్ళూ అలాగే అనుకున్నారు. వాళ్ళు పోయినదాన్ని దక్కించుకోవటానికి శ్రమపడ్డారు. వీళ్ళు రాబోయేదానికి కాపలా కాయాలనుకున్నారు.

రాష్ట్రేతర తెలుగువాళ్ళం ఈ విషయాన్ని కొంచెం దగ్గరగానే చూడగలం. ఏది ప్రామాణిక భాష, ఏది కాదు అన్న జాబితా మనల్ని అడిగి తయారు చేసింది కాదు. హోసూరులోనో, మదురైలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో ఇంట్లో వాడే మాట నిఘంటువులో లేకపోతే, అది తెలుగు కాదన్నవాళ్ళున్నారు. మన పెద్దలు ఆ మాట వదలలేదు. అలాగని నిఘంటువును తగలబెట్టలేదు కూడా. బళ్ళో ఒకటి, ఇంట్లో ఒకటి మాట్లాడుతూ రెంటినీ నిలబెట్టారు. చిట్టాలో చోటు దక్కనిదాన్ని నోట్లో నిలుపుకోవడం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

'హెయిర్ టు ది ఎంపైర్' కొత్త ముద్రణల అట్ట మీద 'లెజెండ్స్' అని ఒక పట్టీ ఉంటుంది. 1991 ప్రతిలో ఆ పట్టీ లేదు. మొదటి పేజీనుంచి చివరి పేజీ దాకా కథ అదే. ఏ ప్రతి దొరికినా చదవండి, పట్టీ చూసి ఆగవద్దు.